గంగాళంలో స్టవ్వు

ఆళ్లగడ్డ, శుక్రవారం

స్టవ్వు వెలిగింది. ఇప్పుడు నింపాదిగా రాసుకోవచ్చు.

కట్టెల పొగకు అమ్మ కళ్ళు ఎప్పుడూ నీరు కారుతుంటాయని నిన్న నంద్యాలలో పంపు స్టవ్వు కొన్నాను. బొగ్గుతో నడిచే బస్సు కుదుపులకు దెబ్బ తగలకుండా దారి పొడవునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. పొద్దున లేచి చూస్తే అది నీళ్ళ గంగాళంలో నిండా మునిగి ఉంది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"అంగడి సామాను గదా, ఎవురెవురు తాకినారో. కడగకుండా మడి వంటింట్లోకి యట్ల తెచ్చేది?" అంది. ఆమెకు చెంబు ఎంతో స్టవ్వూ అంతే.

ఈ ఊళ్ళో దాన్ని బాగుచేసేవాడు లేడు. ఇది పోతే అమ్మకు మళ్ళీ ఆ పొగే. నీళ్ళు వంచేసి, భాగాలు విప్పి, మిద్దె మీద ఎండబెట్టాను. కాకులు ఎత్తుకుపోకుండా రోజంతా కాపలా కాశాను.

సాయంత్రం కిరసనాయిలు పోసి పంపు కొడితే రెండుసార్లు చీదింది. మూడోసారి నీలం మంట లేచింది. అమ్మ దాని ముందు చాలాసేపు కూర్చుంది.

"పొగే లేదు గదరా," అంది మెల్లగా. ఆ ఒక్క మాటకే నా ప్రాణం కుదుటపడింది.

అంతలోనే, "పొద్దన్నుంచి నువ్వు తాకుతానే ఉండావు గదా. మళ్ళా ఒగసారి ముంచల్ల," అంది.

ఆర్పాక నాలుగు చుక్కలు చల్లితే చాలని ఎలాగో ఒప్పించాను. అయినా గంగాళం ఖాళీ చేసి, బోర్లించే వచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.