మూడో అధ్యాయంలో లేని పేరు

ఆదివారం రాత్రి, క్యారీ (అమెరికా)

మా తెలుగు చర్చి కుర్రాళ్ళు పెట్టిన పాప్ బ్యాండ్ ఇవాళ స్టేడియాలు నింపుతోంది. దాని చరిత్ర రాస్తున్నది నేను. ప్రతి ఆల్బమ్, ప్రతి టూర్, ఆఖరికి ఏ షోలో ఏ చొక్కా వేసుకున్నారో కూడా రాశాను. మూడో అధ్యాయం చదివి గాయకుడు సామ్యూల్ మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ కమ్మింగ్ ఊరి షోలో జరిగిన గొడవ డిలీట్ చెయ్యండి. ప్రార్థనలో వదిలేశాం కదా!"

"వదిలేసింది నువ్వురా. విజయ్ వేళ్ళు వదిలేశాయా?"

విజయ్ మా డ్రమ్మర్. ఆ షో రోజు, పాట కట్టింది తానని, పోస్టర్ మీద తన పేరు వెయ్యమని అడిగాడు, అంతే. సామ్యూల్ మైక్ స్టాండు ఎత్తి వాడి కుడిచేతి మీద మూడు దెబ్బలు కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. నాలుగో దెబ్బ మూతికి తగిలి పెదవి చీలి, డ్రమ్ము మీద నెత్తురు చిమ్మింది. పోలీసులను పిలిస్తే సామ్యూల్ వీసా పోతుందని భయం. మాతో వచ్చిన చర్చి పెద్దలు చుట్టూ నిలబడి ప్రార్థన చేసి, నెత్తురు నోటితోనే విజయ్ చేత ఆమెన్ అనిపించారు. క్షమించాక ఇక ఆ మాట ఎత్తకూడదన్నది మా చర్చి రివాజు. నెత్తురు తుడిచిన గుడ్డకు క్షమాపణ అని పేరు పెట్టుకున్న భక్తి మాది!

అధ్యాయంలో ఈ ఆఖరి వాక్యం నాకే నచ్చి, సాయంత్రం విజయ్‌కి ఫోన్‌లో అంతా చదివి వినిపించాను.

"బాగుందన్నా. మరి ఆ ప్రార్థన చేసిందెవరో రాయలేదేం?"

ఇప్పుడే 'పెద్దలు' కొట్టేసి నా పేరు రాశాను. ఆ రోజు వాడి మెడ వంచి పట్టుకొని, "అనరా ఆమెన్" అన్నదీ నేనే. అదింకా అధ్యాయంలో రాయలేదు.