ఆగిపోయిన చుక్కలు

మార్చి 9, ఆదివారం

అక్కకు,

చెల్లెలి నమస్కారాలు. నువ్వూ బావా కులాసా అని తలుస్తాను. ఇక్కడ మీ మరిది తన జలుబును ఊరంతా చాటుకుంటూ తిరుగుతున్నాడు. మిగతాదంతా మామూలే.

మీ ల్యాబులో పిల్లల్ని తయారుచేస్తున్నారటగా అని ఫోనులో అడిగావు. పిల్లలు కారక్కా. మూలకణాలని ఉంటాయి, తామేం కావాలో ఇంకా తేల్చుకోనివి. వాటిని ప్లేటులోని చిన్నచిన్న గుంటల్లో వేసి, ఆహారపు ద్రవం పోసి, వెచ్చగా ఉంచుతాం. అవి ఒకదాన్నొకటి వెతుక్కుని, చుక్కంత ముద్దలై, తొలిరోజుల పిండంలా సర్దుకుంటాయి. అది ఉత్త నమూనా, బిడ్డగా ఎదగదు. కడుపులో ఎవరికీ కనిపించని ఆ రోజుల్లో ఏం జరుగుతుందో చూడ్డానికే మా పాట్లన్నీ.

మైక్రోస్కోపులోకి చూస్తుంటే నిద్రలో నడుస్తున్నట్టుంటుంది. మసక వెలుతురు. ముద్ద లోపల మెల్లగా ఒక ఖాళీ చోటు తెరుచుకుంటుంది, మంచులోకి ఎవరో కిటికీ తీసినట్టు. ఊపిరి తీస్తే చెదిరిపోతుందేమోనని బిగబట్టుకుని కూర్చుంటాను.

మొన్న పొద్దున చూస్తే చాలా చుక్కలు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. నా చేతుల్లోనే ఏదో పాడైందనుకున్నాను. మా పెద్ద మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నింపాదిగా చూసి, "నువ్వేం చెయ్యలేదమ్మా. ఒకే ప్లేటు, ఒకే ద్రవం, ఒకే వెచ్చదనం. అయినా కొన్ని సాగుతాయి, ఎక్కువ భాగం ఆగిపోతాయి. ఎందుకో మనకింకా తెలీదు" అంది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. రెండుసార్లూ, మంచం జరిపాను, మెట్లెక్కాను, అందుకే పోయిందంటూ గోడవైపు తిరిగి పడుకున్నావు. ఆ ప్లేటులో ఎవరూ మంచం జరపలేదక్కా. ఎవరూ మెట్లెక్కలేదు. నీ కడుపులో ఏం జరిగిందో నా ప్లేటు చెప్పలేదు, నీతో అబద్ధమాడను. కానీ మొదలైనదల్లా నిలవదనీ, అందుకు ఎవరి తప్పూ ఉండనక్కర్లేదనీ కళ్లారా చూశాను. ఇక నిన్ను నువ్వు తిట్టుకోకు.

బావను అడిగానని చెప్పు.

నీ
చెల్లి

తా.క. మేడమ్ ఆ మాట అనగానే ఆవిడ భుజం మీద వాలి భోరుమన్నాను. చుక్కల కోసం కాదు. పోయిన నెల నాకూ పోయిందక్కా, నీకు శుభవార్త చెప్పేలోపే. మీ మరిదికి తప్ప ఎవరికీ తెలీదు. అమ్మకు నేనే చెప్పుకుంటాను. శుక్రవారం బండికి వస్తున్నాను. నాలుగు రోజులు నీ పక్కన పడుకోనివ్వు.