నీ ముసురు రోజులు

అక్కా,

నువ్వు పోయాక ఇది రెండో వానాకాలం. తొమ్మిది రోజులుగా ముసురు వదలడం లేదు. బట్టలు ఆరక ఇల్లంతా ముక్కవాసన. పట్టపగలే లైట్లు వేసుకుంటున్నాం. నువ్వుంటే ఈపాటికి గోడవైపు తిరిగి పడుకుని ఉండేదానివి.

నిన్న పొద్దున్న మీ లలిత భీమవరం హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "పిన్నీ, నాలుగు రోజుల్నుంచి కాలేజీకి వెళ్లట్లేదు. ఎండ లేకపోతే మంచం మీంచి లేవాలనిపించట్లేదు," అంది. గొంతు అచ్చం నీదే. క్యారేజీలో చారన్నం సర్దుకుని వెంటనే బస్సెక్కాను.

తోటికోడళ్లుగా పన్నెండేళ్లు ఒకే వంటింట్లో తిరిగాం. ముసురు పట్టినప్పుడల్లా నువ్వు లేవలేకపోయేదానివి. "అందరికీ పట్టిన మబ్బే కదండీ, మీ వదినగారికొక్కరికే ఏంటి?" అని మీ మరిదితో నీకు వినపడేలా అనేదాన్ని. కావాలనే గిన్నెలు చప్పుడు చేస్తూ తోమేదాన్ని. నువ్వు ఒక్కసారి కూడా తిరిగి ఒక మాట అనలేదు.

లలితకి తల దువ్వి అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిని అడిగింది.

"అమ్మకీ ఇలాగే ఉండేది కదా పిన్నీ? అప్పుడు నువ్వేం చేసేదానివి?"

"పక్కన కూర్చునేదాన్నమ్మా," అన్నాను.

నమ్మింది. నా చెయ్యి తీసుకుని బుగ్గ కింద పెట్టుకుని నిద్రపోయింది. సాయంత్రం దాకా ఆ చెయ్యి కదపలేదక్కా.