మలుపు దగ్గర రెండు హారన్లు

నువ్వు పోయి ఏడాది నిండిన మరునాడే నేను డ్రైవర్ పనికి దరఖాస్తు పెట్టుకున్నాను. దసరా, దీపావళి పార్శిళ్లు ఇళ్లకు చేరవేయడానికి మేడ్చల్ గోదాంలో రెండు నెలలకు మనుషులు కావాలట. నువ్వుంటే "పండుగ పూట నీకు బండేంది" అని గొణిగేవాడివి. ఫారంలో అనుభవం ఎన్నేళ్లని అడిగారు. ఆదివారాలు నీతో పోట్లాడి మరీ నీ ట్రాలీ ఆటో మీద నేర్చుకున్నానని ఎలా రాయను? ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఈ రోజు ట్రయల్ పెట్టారు. సూపర్‌వైజర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, శామీర్‌పేట మీదుగా అలియాబాద్ దాకా పోయి రావాలి. గేర్లు ఎక్కడా తడబడలేదు. మన ఇంటి మలుపు రాగానే మాత్రం నా చెయ్యి దానంతటదే రెండుసార్లు హారన్ కొట్టింది. ఎదురుగా రోడ్డంతా ఖాళీ.

"ఎవరున్నరమ్మా ఆడ?" అన్నాడాయన.

"ఎవ్వరు లేరు సార్. మా ఇంటాయన గిట్లనే కొట్టేటోడు, వస్తున్న, చాయ్ పెట్టుమని."

ఆయన గోదాం చేరాక, "సోమవారం నుంచి రా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మీ అమ్మ స్టవ్ దగ్గర నిలబడి ఉంది. గిన్నెలో చాయ్ మరిగి మరిగి సగమైంది.

"హారన్ ఇనవడ్డది బిడ్డా. చెయ్యి ఆగలే" అంది.

జరిగింది చెప్పాను. ఆ చేదు చాయ్ ఇద్దరం తాగాం. రోజూ అటే పోవాలి కదా, ఇక కొట్టకుండా ఉండనా అని అడిగాను.

"కొట్టు. గని ఇంటికొచ్చేటప్పుడే కొట్టు" అంది.