ఆయుధ పూజనాడు తీసిన స్పానరు

1963, ఆయుధ పూజ, రాత్రి

ఈ రోజు మునియప్పన్న చేత చేయించకూడని పని చేయించాను.

పొద్దున పూజకని నా పాత స్పోర్ట్స్ కారును కడిగి బొట్లు పెట్టాను. లాల్‌బాగ్ దాకా తిప్పుతానని గొప్పలు చెప్పి బావమరిదిని ఎక్కిస్తే, అది స్టార్ట్ కాలేదు. ఇద్దరం నగర్తపేటలోని మునియప్పన్న షెడ్డుకు తోసుకుపోయాం. ఇన్నేళ్లుగా ఈ ముసలి బండిని బతికిస్తున్నది ఆయనే.

ఆయన పనిముట్లన్నీ కుంకుమ బొట్లతో అమ్మవారి పటం ముందు ఉన్నాయి.

“ఈ పొద్దు వాటిని ముట్టకూడదప్పా. రేపు రా” అన్నాడు.

నేను వినలేదు. బావమరిది ముందు పరువు పోతుందని బతిమాలాను. చివరికి ఒక స్పానరు తీసి కళ్లకద్దుకున్నాడు.

“పెట్రోలు ట్యాపు తెరిచే ఉండాదా?”

చూడకుండానే ఉందన్నాను.

గంటసేపు కార్బురేటరు విప్పి, ఊది, బిగించాడు. నేను సీట్లో కూర్చుని డ్యాష్‌బోర్డు కిందికి చెయ్యి పెడితే ట్యాపు మూసే ఉంది. పెట్రోలు కారిపోతుందని రోజూ రాత్రి దాన్ని మూసేది నేనే! చప్పుడు కాకుండా తిప్పాను. ఇంజను అందుకుంది.

మునియప్పన్న స్పానరు తుడిచి, మళ్లీ బొట్టు పెట్టి, పటం ముందు ఉంచి చెంపలేసుకున్నాడు. నిమ్మకాయ తెచ్చి నా బండి చక్రం కింద పెట్టాడు.

“ముట్టిన చెయ్యి నాది. అమ్మ కోపం నా మీదే ఉండనీ, నీ బండి మీద వద్దప్పా.”

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నిమ్మకాయ తొక్కించి వచ్చేశాను.