బూట్లు విప్పించినది నేనే

అక్కా,

ఈ అనాథాశ్రమం మేనేజరు దుర్మార్గుడు. చందాలిచ్చేవాళ్లకు జాలి పుట్టాలని పిల్లల కొత్త బూట్లు విప్పించి, వట్టికాళ్లతో ఫొటోలు తీయించాడు. సేవ చేద్దామని సముద్రాలు దాటి వచ్చి, విప్పమని వాళ్లకు స్పానిష్‌లో చెప్పింది నేనే. తడబడకుండా నేను పలికిన మొదటి వాక్యం అదే.

"మళ్లీ ఇస్తారా మాస్టారూ?" అని ఒక పాప అడిగితే ఇస్తామన్నాను. ఆయన వాటిని గదిలో పెట్టి తాళం వేశాడు. నిలదీస్తే, "నీతులు మీ ఇంటికెళ్లి చెప్పుకో నాయనా" అన్నాడు.

నాకు భాష నేర్పేది ఆ పిల్లలే. నాలుగు రోజులుగా ఒక్కరూ నాతో పలకడం లేదు.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? సేవ గురించి నేను అచ్చు వేయించిన కరపత్రాలు చిత్తుకాగితాలవాడికి వేయకండి. బావగారికి నమస్కారాలు.

ఇక్కడ ఉండి ఏం ఉద్ధరిస్తానో తెలియదు, ఆ పాపను వదిలి రాలేను. నాకేమీ తోచడం లేదు. ఆదివారం మీకు పొద్దున్న ఏడింటికి ఫోను చేస్తాను, ఏం చేయాలో చెప్పడానికి అందరూ దగ్గర కూర్చోండి.