ధాత్రి పేరు మీద ఓదార్పు

అమీర్‌పేట,
నవంబరు 3, 2025

ప్రియమైన చెల్లెలు దీనమ్మకు,

అక్క కృపామణి దీవెనలు. నీ మోకాళ్ళు ఎట్లున్నాయి? మెట్లు ఎక్కవద్దని డాక్టరు చెప్పినా నువ్వు మేడ మీద మిరపకాయలు ఎండబెడుతూనే ఉంటావని నాకు తెలుసు. మరిది చిన్నప్పకు షుగరు తగ్గిందా? అరికాళ్ళు మంటలన్నాడు గదా, ఆదివారం మందిరం దగ్గర చెప్పులు లేకుండా తిరగనివ్వకు. నోయెల్ దగ్గు పోయిందా? కడుపుతో ఉన్న వాడి భార్యను ఈ నెలల్లో బస్సుల్లో తిప్పవద్దు. ఇక్కడ మా అబ్బాయి ఆషెర్ బాగానే ఉన్నాడు, కోడలికి నడుము నొప్పి, నాకు బీపీ. ఆ బీపీ ఎందుకు పెరిగిందో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పలేను. ఇల్లు రెండు గదులు, గుసగుసలాడినా మనవరాలు జెనీఫర్‌కు వినబడుతుంది. ఈ సంగతి ఎత్తితే చాలు, ముఖం గోడకు తిప్పుకుంటుంది.

దాని పని ఏమిటో నీకు సరిగ్గా తెలియదు. పంజాగుట్టలో ధాత్రి అనే ఆమె చిన్న చీరల దుకాణం నడుపుతుంది. మా పిల్ల ఆ దుకాణానికి పోదు. ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చీరల ఫొటోలు పెట్టడం, కొరియర్ వాళ్ళతో మాట్లాడటం, గిరాకీలు పంపే మెసేజీలకు జవాబులు రాయడం చేస్తుంది. వర్చువల్ అసిస్టెంట్ అంటారట. పనిలో తప్పేమీ లేదు దీనమ్మా. కానీ ఆ జవాబులన్నీ ధాత్రి పేరు మీదనే రాయాలి. తానే మాట్లాడుతున్నట్టు వాళ్ళు అనుకోవాలని, జెనీఫర్ పేరు ఎక్కడా బయటికి రాకూడదని మొదటి రోజే షరతు పెట్టింది. మూడేళ్ళ నుంచి ఇదే వరస. ఒకరి కూతురికి పెళ్ళి కుదిరితే సంతోషం చెప్పేది మా పిల్ల, ఒకరికి జ్వరం వస్తే పరామర్శించేది మా పిల్ల. ధాత్రి ఎంత మంచిదని గిరాకీలు మెచ్చుకుంటే ఆ మెప్పు పంజాగుట్టకు పోతుంది, కళ్ళ మంట మా ఇంట్లో మిగులుతుంది. ఆ పిల్ల కళ్ళజోడు నంబరు ఎంత పెరిగిందో అని నా బెంగ నాది.

ఇప్పుడు అసలు సంగతి విను. ఆ గిరాకీలలో జానకీదేవి గారని ఒక పెద్దావిడ ఉంది. పంజాగుట్టలోనే ఉంటుంది. చీర కొన్నా కొనకపోయినా రోజూ ఏదో ఒకటి రాస్తుంది. శ్రావణ మాసంలో ఆమె భర్త పోయాడు. ఆ కబురు రాగానే జెనీఫర్ అన్నం పళ్ళెం పక్కకు నెట్టి జవాబు రాయడానికి కూర్చుంది. ఆ రోజు మాత్రమే కాదు, ఆమె నిద్ర పట్టడం లేదన్నప్పుడల్లా రాసింది. ధాత్రికి కూడా వాయిస్ మెసేజ్‌లో చెప్పింది, ఒకసారి కాదు, రెండుసార్లు. మీరొక్కసారి వెళ్ళి కలిసి రండి మేడం అని కూడా అన్నది. ఆమెకు శ్రావణం గిరాకీ హడావిడి. జవాబుగా బొటనవేలు ఎత్తిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంది. విననే లేదు.

పోయిన వారం జానకీదేవి గారు ఇల్లు కదలక కదలక కదిలి, కష్టంలో తనను నిలబెట్టిన ధాత్రిని చూడాలని దుకాణానికి పోయింది. కార్తీక మాసం గదా, వచ్చిన ఆడవాళ్ళందరికీ ధాత్రి బొట్టు పెడుతోంది. కుంకుమ భరిణె పట్టుకుని ఈమెకూ ఎదురు పోయింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేస్తే నవ్వుతూ, "బాబాయి గారిని తీసుకురాలేదేంటండీ?" అని అడిగింది. అంతమందిలో. నువ్వే చెప్పు, ఆ తల్లి ప్రాణం ఎట్లా కొట్టుకుని ఉంటుంది? వెంటనే మెట్లు దిగి పోయిందట.

తప్పు ఎవరిదమ్మా? చెప్పినా విననామెది. కానీ ఆ సాయంత్రమే ధాత్రి ఫోన్ చేసి, గిరాకీలతో అంత లోతుగా మాట్లాడమని నీకెవరు చెప్పారని మా పిల్లను అరిచింది, రేపటి నుంచి పని లేదన్నది. పని పోతే పోయింది, ఇంకొకటి దొరికే దారి కూడా మూసింది. లక్డీకాపూల్‌లో ముషర్రఫ్ భాయ్ అని, జనాన్ని మక్కాకు, ఉమ్రా యాత్రకు పంపే ట్రావెల్స్ నడుపుతాడు. జెనీఫర్‌ను పెట్టుకుంటానన్నాడు. "గిరాకీల పాస్‌పోర్టులు నీ చేతిల ఉంటయ్ బేటా, ముందుగాల పని చేసినకాడ ఒక మాట చెప్పించు" అన్నాడు. న్యాయమే. ఆయన ఫోన్ చేసి ధాత్రిని అడిగితే ఆమె ఏమన్నదో తెలుసా? నా దగ్గర ఎవ్వరూ పని చేయలేదు, జవాబులన్నీ నేనే రాసుకుంటాను అన్నది. మూడేళ్ళు ఈ గదిలో కూర్చున్న పిల్ల అసలు లేనే లేదట.

నాకు పెద్ద చదువు లేదు, నోరుంది. రేపు పంజాగుట్ట పోతున్నాను. జెనీఫర్‌కు చెప్పలేదు. అక్కడ కళ్ళు తిరిగి పడతానేమోనని భయంగానే ఉంది. నువ్వు ప్రార్థన చెయ్యి.

నీ అక్క,
కృపామణి


అమీర్‌పేట,
నవంబరు 9, 2025

చెల్లీ దీనమ్మా,

పడలేదు, భయపడకు. మెట్రోలో ఒక్క స్టేషనే కానీ ఆ కదిలే మెట్ల మీద కాలు పెట్టలేక ఆటోలో పోయాను. దుకాణంలో నలుగురు ఆడవాళ్ళు చీరలు చూస్తున్నారు. జెనీఫర్ నాయనమ్మనని చెప్పాను. ధాత్రి రెప్ప కూడా వేయకుండా, "ఏ జెనీఫర్ అండీ? మా దగ్గర అలాంటి వాళ్ళెవరూ లేరే" అన్నది. నా ఒళ్ళు మండిపోయింది. నేను కదలకపోయేసరికి పక్కకు తీసుకుపోయి కుర్చీ వేసింది. తన మాటల కోసమే గిరాకీలు వస్తారని, అవి వేరొకరివని తెలిస్తే పరువు పోతుందని నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

"పరువు నీదే బిడ్డా, మాటలు మా పిల్లవి. మొగడు పోయినామెను ఓదార్చనీకి సుత మనిషిని పెట్టుకుంటరా?" అన్నాను.

ధాత్రి మంచినీళ్ళు ఇచ్చింది, నేను ముట్టలేదు. వచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే జెనీఫర్ నా మీదే లేచింది. "నిన్నెవరు పొమ్మన్నరు నాయనమ్మా? ఆమె పోయి ముషర్రఫ్ భాయ్‌కి ఇంకేమన్న చెప్తే నేనేం జెయ్యాలె?" అన్నది. ఆ తర్వాత నాతో మాట లేదు. కోపంతో పోయి పిల్ల బతుకు పాడు చేశానా అని నాకు ముద్ద దిగలేదు. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండక ఒకనాడు రెండోసారి వేసుకోబోతే కోడలు చెయ్యి పట్టుకుంది.

నిన్న శనివారం తలుపు తీసి చూస్తే ఎదురుగా ధాత్రి. మూడేళ్ళలో మా గడప తొక్కడం అదే మొదలు. దుకాణం సంగతి జరిగినప్పటి నుంచి జానకీదేవి గారు తనకు జవాబివ్వడం లేదట, ఫోన్ ఎత్తడం లేదట. ఇంటికి పోయి పలకరించాలని రెండుసార్లు ఆ వీధి దాకా పోయి, ఏం మాట్లాడాలో తోచక వెనక్కి వచ్చిందట. "ఏం చెప్పాలో రాసివ్వు జెనీఫర్, చూసుకుని వెళ్తాను" అని అడిగింది. ఇంకా అరువు తెచ్చుకునే మాటలే. నేను నోరు తెరవబోతే జెనీఫర్ నా భుజం మీద చెయ్యి వేసింది.

"రాసియ్యను మేడం. మీతోటి వస్త. ఆ మాటలు రాసింది నేనని ఆమె ముందట మీరే చెప్పాలె. అంతకన్న ముందు, గిప్పుడే, ముషర్రఫ్ భాయ్‌కి ఫోన్ చెయ్యాలె."

గొంతు పెంచలేదు. నాలాగా చేతులు తిప్పలేదు. ధాత్రి మళ్ళీ పనిలోకి రమ్మన్నది, ఇంకెప్పుడూ అరవనన్నది. మా పిల్ల తల అడ్డంగా ఊపింది. చివరికి ఆమె ఫోన్ తీసింది.

"జెనీఫర్ మూడేళ్ళు నా దగ్గర పని చేసిందండీ. నా పేరు మీద రాసినవన్నీ ఆ అమ్మాయి రాసినవే" అన్నది. ఒక్క ముక్క కూడా దాచలేదు, అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇన్ని రోజులు ఎక్కడ దాచిండ్రు మేడం అని ముషర్రఫ్ భాయ్ నవ్వాడు. జెనీఫర్ ఫోన్ అందుకుని, తాను రాసే జవాబు కింద తన పేరే పెడతానని చెప్పింది. "పెట్టుకో బేటా, లేకుంటే నీకు పడాల్సిన తిట్లు సుత నాకే పడ్తయ్" అన్నాడు. పదిహేడో తారీఖు సోమవారం నుంచి పని.

నా కోపం తీరిందనుకోకు. ఇంటికొచ్చిన మనిషి గదా అని టీ ఇచ్చాను, చక్కెర మాత్రం తక్కువ వేశాను. ఆమెకు జానకీదేవి గారి మీద జాలి ఎంతో, గిరాకీ పోతుందన్న భయం ఎంతో నాకు తెలియదు. దేవుడికి తెలుసు. పోయిన చోట మళ్ళీ మాట మారుస్తుందేమోనని నేను కూడా వస్తానన్నాను. అందరూ దొంగలేనని ఆ పెద్దావిడ తలుపు వేస్తే ఎట్లా అని ఒక బెంగ, మా పిల్ల అక్కడ ఏడుస్తుందేమోనని ఇంకొక బెంగ. జెనీఫర్ మాత్రం ధాత్రి ఎదురుగానే జానకీదేవి గారికి తన ఫోన్ నుంచి చేసి, తన పేరు చెప్పి, ధాత్రి మేడంతో పాటు మా నాయనమ్మ, నేను వస్తామండీ అని అడిగింది. ఆమె రమ్మన్నది.

ముగ్గురం వెళ్తున్నాం. శుక్రవారం, నవంబరు పద్నాలుగో తారీఖు, సాయంత్రం ఐదింటికి.

నీ అక్క,
కృపామణి